బెక్‌వర్త్ కథ అక్కడ ఆపకు

తమ్ముడికి,

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా కొండల్లో వేటగాడిగా, దారి చూపేవాడిగా బతికిన జిమ్ బెక్‌వర్త్ మీద నువ్వు రాసి పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆపకుండా చదివించింది. రెండోసారి కొన్నిచోట్ల మనసు ఒప్పుకోలేదు. చెప్పకపోతే నీకు అన్యాయం చేసినట్టే.

బంగారంతో మొదలుపెట్టావు. కాలిఫోర్నియాలో బంగారం దొరికేనాటికి అతనికి నలభై దాటాయి. బానిస తల్లికీ తెల్లదొరకీ పుట్టి, సెయింట్ లూయిస్‌లో కమ్మరి పని నేర్చి, 1824లో బొచ్చు వ్యాపారి విలియం యాష్లీ బృందంతో రాకీ పర్వతాలకు పోయిన కుర్రాడు కదా, ముందు అతని చేతులు చూపించు. బీవర్‌ను, అంటే వాగుల్లో ఉండే ఒత్తైన బొచ్చు జంతువును, పట్టేవాళ్ళు వాగులో దిగి నీళ్ళలోనే నడిచేవాళ్ళు, గట్టు మీద మనిషి వాసన మిగలకూడదని. ఇనుప బోను నీటి అడుగున పెట్టి, పైన ఒక పుల్ల గుచ్చి, దాని కొసకి బీవర్ ఒంట్లోంచే తీసిన ఘాటైన ద్రవం రాసేవాళ్ళు. మంచు కరిగిన నీళ్ళు, మోకాళ్ళు పట్టేసేవి. అలా తెచ్చిన తోళ్ళ బొచ్చు యూరప్‌లో టోపీలయ్యేది. 1830లలో పట్టు టోపీల ఫ్యాషన్ రావడంతో ఆ బేరం పడిపోయింది. ఇంతటినీ నువ్వు "బొచ్చు వ్యాపారం చేశాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకైతే కథ ప్రాణం ఆ వాగులోనే ఉందనిపిస్తుంది.

కాలిఫోర్నియా వైపు సియెర్రా నెవాడా కొండల్లో అతను కనుమ కనిపెట్టడం బాగా రాశావు. 1851లో వలసవచ్చేవాళ్ళ బళ్ళను ఆ దారిన మేరీస్‌విల్ అనే ఊరికి చేరిస్తే, ఊరు తగలబడిందని అతనికి డబ్బు ముట్టలేదన్న చోట నా కడుపు మండింది. అతని గుర్రం మీద ముందు కూర్చుని ఆ కనుమ దాటిన చిన్నపిల్ల ఐనా కూల్‌బ్రిత్‌ను మాత్రం వదిలేశావు. తర్వాత కాలిఫోర్నియాకి తొలి ఆస్థాన కవయిత్రి ఆవిడే. ఆ పిల్ల కళ్ళతో ఒక్క పేరా రాసి చూడు.

నువ్వు కనుమ దగ్గరే ఎందుకు ఆగావో నాకు తెలుసు. అతను చెబుతుంటే వేరొకరు రాసిన ఆత్మకథ 1856లో అచ్చయింది, నువ్వు దాని వెంటే నడిచావు. అందులో గొప్పలు చాలా ఉన్నాయి, ఉండనీ. కానీ ఆ తర్వాత అతను ఇంకో పదేళ్ళు బతికాడు. మా తాతగారి మీద రాసినప్పుడు నేనూ ఇదే చేశాను, ఆయన చెప్పడం ఆపిన చోటే ఆపాను. అది ఇప్పటికీ బాధపెడుతుంది.

1864 నవంబర్ 29న కొలరాడోలోని శాండ్ క్రీక్‌లో అమెరికా సైన్యం చెయెన్, అరాపహో అనే అక్కడి ఆదివాసీ తెగల జనాన్ని చంపింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఆ సైన్యం వెంట దారి చూపేవాడిగా వెళ్ళినవాడు మన బెక్‌వర్త్. తర్వాత విచారణలో తనే సాక్ష్యం చెప్పాడు. ఆ మారణకాండ అయ్యాక శాంతి మాట్లాడదామని చెయెన్ల దగ్గరికి పోతే, మా కుటుంబాల్లో మిగిలినవాళ్ళనీ చంపించడానికి తెల్లవాళ్ళను వెంటపెట్టుకొచ్చావా అని అడిగారట. ఒకప్పుడు తమతో వ్యాపారం చేసిన మనిషిని!

అతన్ని వెనకేసుకురావద్దు, తిట్టిపోయనూ వద్దు. ఆ మాట అడిగినప్పుడు అతను ఎక్కడ నిలబడ్డాడో, ఎవరి మొహం చూశాడో రాయి. టెన్షన్ పడి తొందరపడకు. సంక్రాంతి దాటాక పంపినా ఫరవాలేదు, చదువుతాను.

మీ అన్నయ్య