అస్సీరియా రాణుల మాట

ప్రశ్న: ప్రాచీన అస్సీరియాలో (నేటి ఉత్తర ఇరాక్ ప్రాంతపు రాజ్యం) రాణులు అంతఃపురానికే పరిమితమా? రాజ్యవ్యవహారాల్లో వారి మాట చెల్లేదా?

జవాబు: గట్టిగానే చెల్లేది. నకియానే చూడండి. జకూతు అన్నా ఆమే. రాజు సెన్నాకెరిబ్ భార్య, అతని తర్వాత రాజైన ఎసర్‌హద్దోన్ తల్లి. క్రీ.పూ. 669లో కొడుకు మరణించాక, మనవడు అషుర్‌బనిపాల్‌కు విధేయంగా ఉంటామని రాజసోదరులు, అధికారులు, ప్రజలందరి చేత ప్రమాణం చేయించింది. ఆ ఒప్పందం వెలువడింది రాజు పేరున కాదు, ఆమె పేరునే! కట్టుబడాల్సినవారిలో మొదటి పేరు అషుర్‌బనిపాల్ సోదరుడు షమష్‌షుముకిన్‌ది. సింహాసనానికి పోటీకి రాగలిగినవాడు మరి. కుట్ర సంగతి చెవిన పడితే తనకూ మనవడికీ వచ్చి చెప్పాలన్నది షరతు.

అంతకుముందు, క్రీ.పూ. 9వ శతాబ్దం చివర, రాణి సమ్మురమత్ తన కొడుకు, రాజు మూడో అదద్‌నిరారితో పాటు యూఫ్రటీస్ నది దాటిందని పజార్జిక్ (నేటి టర్కీలోని ఊరు) దగ్గర దొరికిన సరిహద్దు రాయి మీది శాసనం చెబుతోంది. అయితే ఆమే సింహాసనమెక్కి ఏలిందనుకోవడం పొరపాటు. ఆ సరిహద్దు రాయి రాజు పేరు మీదే ఉంది.