షాపులో ఆడిన సెకండ్ హ్యాండ్ పీఎస్4 ఇంటి టీవీలో ‘నో సిగ్నల్’ అంటోంది, పాత పీఎస్2 బొమ్మ మసకగా వస్తోంది. ఏం చెయ్యాలి?

మీరు అడిగినవి రెండు. బెంగళూరు నేషనల్ మార్కెట్‌లో కొన్న పీఎస్4 స్లిమ్ (ప్లేస్టేషన్ గేమ్ కన్సోల్) షాపులో బాగానే ఆడింది, అద్దింట్లో గోడకు బిగించి ఉన్న 43 అంగుళాల 4కె టీవీకి పెడితే ‘నో సిగ్నల్’ అంటోంది. ఊరి నుంచి తెచ్చుకున్న పీఎస్2కి బొమ్మ వస్తోంది గానీ మసకగా ఉంది. మొదటిది దాదాపు ఎప్పుడూ కేబుల్ దగ్గరో పోర్టు దగ్గరో తేలిపోతుంది. రెండోది ఎంత ఖర్చు పెట్టినా పూర్తిగా పోదు, కొంతవరకు తగ్గుతుందంతే.

ముందు పీఎస్4 లైటు చూడండి. ఆన్ చేయగానే నీలం వెలుగుతూ ఆరుతూ ఉండి, తర్వాత తెలుపులో నిలబడిందంటే మెషీన్ లోపల నడుస్తున్నట్టే. బొమ్మ టీవీ దాకా చేరడం లేదు, అంతే. నీలం దగ్గరే ఆగి ఆరిపోతుంటే అది చాలావరకు వేరే జబ్బు, కేబుళ్లు మార్చినా లాభం ఉండకపోవచ్చు. నారింజ రంగులో ఉంటే రెస్ట్ మోడ్‌లో ఉంది, కంట్రోలర్ మీద పీఎస్ బటన్ నొక్కితే లేస్తుంది.

రిజల్యూషన్ కుదరలేదేమో అని చాలామంది మొదట దాన్నే అనుమానిస్తారు. మీ విషయంలో అది కాకపోవచ్చు. పీఎస్4 స్లిమ్ ఎంత ఇచ్చినా 1080పి, అంటే 1080 వరసల బొమ్మ దాకానే ఇస్తుంది, దాన్ని తీసుకోని 4కె టీవీ ఉండదు. 1366 బై 768 ప్యానెల్ ఉన్న పాత 32 అంగుళాల ‘హెచ్‌డీ రెడీ’ టీవీ అయితే ఆ అనుమానం పడొచ్చు.

నా మొదటి అనుమానం గోడ మీదే. గోడకు బాగా దగ్గరగా బిగించిన టీవీలో వెనక పోర్టుకు పెట్టిన హెచ్‌డీఎంఐ ప్లగ్గు గోడకు తగిలి వంగుతుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి వచ్చేస్తుంది. చూడటానికి దూరినట్టే ఉంటుంది. హెచ్‌డీఎంఐకి పట్టి ఉంచే లాక్ ఏదీ లేదు. అందులో ఉన్న 19 పిన్నుల్లో ఆఖరిది, అవతల టీవీ ఉందని కన్సోల్‌కి చెప్పే పిన్ను. అదొక్కటి సరిగ్గా తగలకపోయినా చాలు, పీఎస్4 తన పని తాను చేసుకుంటూ బొమ్మ మాత్రం పంపదు. పక్కకు తిరిగిన పోర్టు ఖాళీగా ఉంటే అందులో పెట్టండి. లేకపోతే ఎల్ ఆకారపు అడాప్టర్ తీసుకోవాలి. అది 90 డిగ్రీలు, 270 డిగ్రీలు అని రెండు రకాలుగా దొరుకుతుంది, ఒకటి కేబుల్‌ని కిందికి తిప్పితే ఇంకొకటి పైకి తిప్పుతుంది. టీవీ పోర్టులో వెడల్పు వైపు ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుని షాపుకి వెళ్లండి. ఇంకో మంచి పద్ధతి, టీవీకి అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ ముక్క శాశ్వతంగా తగిలించి కిందికి వేలాడదీయడం. తీసిపెట్టడాలన్నీ ఆ ముక్క దగ్గరే జరుగుతాయి, టీవీ పోర్టూ అరగదు, కన్సోల్ పోర్టూ అరగదు. 1080పికి ఆ అదనపు అతుకు వల్ల ఇబ్బంది ఉండదు.

ఇన్‌పుట్ కూడా ఒకసారి సరిచూసుకోండి. రిమోట్‌లో ‘హెచ్‌డీఎంఐ 1’ అంటే టీవీ వెనక మొదట కనిపించే పోర్టు అని కాదు, పక్కన అచ్చువేసిన అంకె చూడాలి.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. మీ సెట్ టాప్ బాక్స్ బొమ్మ అదే టీవీలో బాగానే వస్తుంటే ఇలా చేయండి. దాని కేబుల్‌ని టీవీ వైపు అసలు కదపకుండా, బాక్స్ వైపు మాత్రమే పీకి పీఎస్4కి పెట్టండి. టీవీ పోర్టు మంచిదే, కేబుల్ మంచిదే అని అప్పటికే తెలుసు. అయినా బొమ్మ రాకపోతే తప్పు కన్సోల్ వైపు ఉంది. వస్తే మీ కేబులో, ముందు పెట్టిన పోర్టో పోయింది. ఈ చిన్న పని చెయ్యకుండా మూడు రకాల కేబుళ్లు కొనేవాళ్లే ఎక్కువ.

కన్సోల్ వైపు అని తేలితే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. మెషీన్ ఆపి లైటు పూర్తిగా ఆరేదాకా ఆగండి. తర్వాత పవర్ బటన్ నొక్కి అలాగే పట్టుకోండి. నొక్కగానే ఒక బీప్, సుమారు 7 సెకన్లకు ఇంకో బీప్ వినిపిస్తుంది. రెండోది వినగానే వదిలేయండి. కంట్రోలర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి పీఎస్ బటన్ నొక్కాలి. చార్జింగ్ మాత్రమే చేసే కేబుల్ అయితే ఇక్కడ పని చెయ్యదు, డేటా కూడా వెళ్లే మైక్రో యూఎస్‌బీ కేబుల్ కావాలి. సేఫ్ మోడ్ బొమ్మ 480పిలో వస్తుంది కాబట్టి మామూలుగా రానిది ఇక్కడ వచ్చే అవకాశం ఉంది. వస్తే రెండో ఆప్షన్ ‘చేంజ్ రిజల్యూషన్’ ఎంచుకుంటే 480పితో మళ్లీ మొదలవుతుంది, ఆ తర్వాత సెట్టింగ్స్‌లో 1080పి పెట్టుకోవచ్చు. ఆరు, ఏడు ఆప్షన్ల జోలికి పోకండి, లోపలున్న గేములూ సేవ్‌లూ అన్నీ తుడిచేస్తాయి.

సేఫ్ మోడ్‌లో కూడా ఏమీ కనిపించకపోతే ఫోన్ టార్చి వేసి కన్సోల్ పోర్టులోకి చూడండి. పై వరసలో 10, కింది వరసలో 9 పిన్నులు సమాన దూరంలో నిటారుగా ఉండాలి. ఒక్కటి వంగినా, పక్కదాన్ని అంటుకున్నా అదే కారణం. బండి మీద సంచిలో వేసి, కేబుల్ ఊడదీయకుండా తెస్తే ఇలా అవుతుంటుంది. పిన్నుల్ని సూదితో లేపడానికి ప్రయత్నించకండి, బోర్డు మీది రాగి గీత లేచిపోతే పని ఇంకా పెరుగుతుంది. పోర్టు మార్చడం బెంగళూరు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల రిపేరు చేసేవాళ్లకు కొత్త పనేం కాదు. హాట్ ఎయిర్ పరికరం, మైక్రోస్కోప్ ఉన్న చోట ఇవ్వండి. పిన్నులన్నీ సరిగ్గా ఉండి కూడా తెల్ల లైటు వెలిగి బొమ్మ రాకపోతే, పోర్టు వెనకాలే ఉండే హెచ్‌డీఎంఐ చిప్పు పోయి ఉండొచ్చు. అది ఇంకొంచెం పెద్ద పని. షాపువాడు ఏదైనా టెస్టింగ్ గడువు ఇచ్చి ఉంటే విప్పకముందే అక్కడికి తీసుకెళ్లడం మంచిది.

బొమ్మ వస్తూ పోతూ ఉంటే, ముఖ్యంగా గేమ్ మొదలైనప్పుడు నల్లబడుతుంటే, హెచ్‌డీఆర్‌ని, అంటే వెలుగు చీకట్ల తేడా ఎక్కువగా చూపే పద్ధతిని, అనుమానించండి. హెచ్‌డీఆర్‌లోకి మారేటప్పుడు ఒకటి రెండు సెకన్లు నల్లబడటం మామూలే. పదే పదే అయితే కాదు. ‘సౌండ్ అండ్ స్క్రీన్’, ‘వీడియో అవుట్‌పుట్ సెట్టింగ్స్’లోకి వెళ్లి హెచ్‌డీఆర్, డీప్ కలర్ అవుట్‌పుట్ రెండూ ఆఫ్ చేసి చూడండి. తక్కువ ధర 4కె టీవీల్లో కొన్నింటికి ‘హెచ్‌డీఎంఐ ఈడీఐడీ వెర్షన్’ అని 1.4, 2.0 ఎంచుకునే వీలుంటుంది. 1.4లో పెడితే హెచ్‌డీఆర్ పోతుంది, బొమ్మ మాత్రం నిలకడగా ఉంటుంది. నిజం చెప్పాలంటే వెలుతురు తక్కువగా ఉండే ప్యానెళ్లలో హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ ఇంకా చీకటిగా కనిపిస్తుంది, పోయినా నష్టం లేదు. మధ్యలో చవక స్ప్లిట్టరో స్విచ్చో పెట్టి ఉంటే దాన్ని తీసేసి నేరుగా కలపండి. కాపీ రక్షణ కోసం ఉండే హెచ్‌డీసీపీ దగ్గర అవి తడబడుతుంటాయి.

బొమ్మ వచ్చాక అందరూ వదిలేసేది టీవీ వైపు సెట్టింగ్. గేమ్ మోడ్ ఆన్ చెయ్యకపోతే టీవీ ప్రతి ఫ్రేముకీ మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేము నిడివి 16.7 మిల్లీసెకన్లు. మామూలు మోడ్‌లో 100 మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్న టీవీ అంటే, మీరు బటన్ నొక్కాక ఆరు ఫ్రేములు గడిచాక బొమ్మ కదులుతుందన్నమాట. క్రికెట్ గేములో బ్యాట్ ఆలస్యంగా ఊగుతోందని కంట్రోలర్‌ని తిట్టుకునేది దీనివల్లే. గేమ్ మోడ్‌లో ఇదే ఆలస్యం చాలా టీవీల్లో 20 లోపుకు దిగుతుంది. టీవీలు ఈ మోడ్‌ని సాధారణంగా ఒక్కో ఇన్‌పుట్‌కి విడిగా గుర్తుపెట్టుకుంటాయి, పోర్టు మారిస్తే మళ్లీ పెట్టాలి.

నలుపు బూడిదరంగులా కనిపిస్తున్నా, చీకటి సీన్లలో ఏమీ కనపడకుండా మూసుకుపోయినా అది ఆర్‌జీబీ రేంజ్ తేడా, అంటే నలుపు నుంచి తెలుపు దాకా అంకెల కొలత కన్సోల్‌కీ టీవీకీ కలవకపోవడం. టీవీలు మామూలుగా 16 నుంచి 235 దాకా ఉన్న లిమిటెడ్ రేంజ్ ఎదురుచూస్తాయి, కంప్యూటర్ మానిటర్లు 0 నుంచి 255. పీఎస్4లో ‘లిమిటెడ్’ పెట్టి, టీవీలో ‘బ్లాక్ లెవెల్’ని దానికి తగ్గట్టు ‘లో’లో ఉంచండి. స్కోరు బోర్డు అంచులు తెగిపోతుంటే టీవీ బొమ్మని కొంచెం పెద్దది చేసి చూపిస్తోంది. పిక్చర్ సైజులో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’, ‘ఫుల్ పిక్సెల్’ ఇలాంటి పేరుతో ఉన్నది ఎంచుకోండి. పీఎస్4లోని డిస్‌ప్లే ఏరియా సెట్టింగ్‌తో చిన్నది చేయడం రెండో దారి మాత్రమే. సౌండ్ రాకపోతే ఆడియో ఫార్మాట్‌ని లీనియర్ పీసీఎంకి మార్చండి. స్లిమ్‌కి ఆప్టికల్ పోర్టు లేదు కాబట్టి పాత హోమ్ థియేటర్ ఉంటే టీవీ ఆప్టికల్ నుంచే తీసుకోవాలి.

ఇక పీఎస్2. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కేబుల్‌లో మొత్తం బొమ్మ ఆ పసుపు తీగ ఒక్కదానిలోనే కలగలిసి వస్తుంది. పాత పెట్టె టీవీలో అది కనపడలేదు, 43 అంగుళాల మీద దాచడానికి చోటు లేదు. మన దగ్గరి డిస్కులు చాలావరకు పాల్ అనే పాత టీవీ పద్ధతివి, 50 హెర్ట్జ్‌లో 576ఐ. ఆ కొద్ది గీతల్నే టీవీ 2160 వరసలకు సాగదీస్తోంది.

టీవీ వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంధ్రాలు ఉంటే పీఎస్2 కాంపోనెంట్ కేబుల్ కొనండి, తేడా అక్కడే తెలుస్తుంది. కొత్త టీవీల్లో అవి ఉండటం లేదు గనక మిగిలేది పీఎస్2 వెనక నేరుగా దూరే చిన్న హెచ్‌డీఎంఐ అడాప్టర్. ముందు పాత పసుపు కేబుల్‌తోనే, డిస్క్ లేకుండా ఆన్ చేసి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో ‘కాంపోనెంట్ వీడియో అవుట్’ని ఆర్‌జీబీ నుంచి రెండో ఆప్షన్‌కి, అంటే వై సీబీ సీఆర్ అక్షరాలు ఉన్నదానికి మార్చండి. ఆ తర్వాతే అడాప్టర్ పెట్టండి. ఇది మార్చకపోతే రంగులు పచ్చగానో గులాబీగానో తిరగబడి వస్తాయి, అడాప్టర్ చెడిపోయిందని వెనక్కి ఇచ్చేస్తారు. దానికి కరెంటు యూఎస్‌బీ నుంచి కావాలి. ఇది బొమ్మని పెద్దది చేయదు, వచ్చినదాన్ని అలాగే పంపుతుంది. 576ఐని హెచ్‌డీఎంఐలో తీసుకోని టీవీలు కొన్ని ఉన్నాయి, అందుకని వెనక్కి తీసుకునే షాపులోనే కొనండి. అమెరికా డిస్కుల్లో కొన్నింటికి, మొదలయ్యేటప్పుడు త్రికోణం, ఎక్స్ బటన్లు కలిపి పట్టుకుంటే 480పి అడుగుతుంది. మీ పీఎస్2 ఆ డిస్కుల్ని ఆడించేదైతే అది చాలా నయం. టీవీలో ఆకారం 4:3కి మార్చడం మర్చిపోకండి, లేకపోతే మనుషులందరూ లావుగా కనిపిస్తారు.

అడాప్టర్ బదులు చిన్న పెట్టె లాంటి కన్వర్టర్ కొంటే దాని మీద బాణం ఎటు ఉందో చదవండి. మీకు కావాల్సింది ఏవీ టు హెచ్‌డీఎంఐ. అచ్చం అలాగే ఉండే హెచ్‌డీఎంఐ టు ఏవీ పెట్టె దాని పక్కనే ఉంటుంది, అది ఇటు పని చెయ్యదు. ఆ పెట్టె పసుపు తీగ బొమ్మనే తీసుకుంటుంది కాబట్టి మసక పోదు, పైగా ఆలస్యం కలుస్తుంది. టీవీ ఏవీ రంధ్రం 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ రకమైతే టీవీతో వచ్చిన కేబులే వాడండి. పాత క్యామ్‌కార్డర్ కేబుల్ చూడటానికి అదేలా ఉన్నా లోపల గ్రౌండ్, వీడియో చోట్లు మారి ఉంటాయి, బొమ్మ దొర్లుతుంది, స్పీకర్లో బుర్రుమంటుంది. తుపాకీ గేముల కోసం పీఎస్2 ఉంచుకుంటే మాత్రం ఏ కేబులూ సాయపడదు. ఆ తుపాకీ పెట్టె టీవీ తెర మీద గీతలు గీసే కాంతిని చూసి గురి లెక్కేస్తుంది, ఎల్‌సీడీలో ఆ గీత లేదు.

కేబుళ్లు తీసిపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పీఎస్4 స్లిమ్‌కి రెండు పిన్నుల ప్లగ్గు, అంటే ఎర్తింగ్ లేదు. చాలా టీవీలూ అంతే. ఇలాంటి వస్తువుల లోహపు భాగాల మీద, స్విచ్ వేసి ఉన్నంతసేపూ కొద్దిపాటి లీకేజీ వోల్టేజీ తేలుతూ ఉంటుంది, హెచ్‌డీఎంఐ ప్లగ్గు అంచు తాకితే చిమచిమలాడేది అదే. ఒకవైపు ఇలా ఉండి రెండోవైపు కేబుల్ టీవీ వైరు భూమికి కలిసి ఉంటే, ప్లగ్గు తగిలే క్షణంలో ఆ తేడా సన్నటి డేటా పిన్నుల మీదుగా దూకొచ్చు. రిమోట్‌తో ఆపడం చాలదు, గోడ స్విచ్‌లు రెండూ ఆపి, ప్లగ్గు పూర్తిగా తోసి, అప్పుడు వెయ్యండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరులో ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతో పాటు సెట్ టాప్ బాక్స్‌కి బయటి నుంచి వచ్చే గుండ్రటి కేబుల్ కూడా విప్పండి. స్పైక్ గార్డు కరెంటు దారినే కాస్తుంది, మేడ మీది నుంచి ఆ వైరు గుండా వచ్చే దెబ్బ బాక్స్ దాటి హెచ్‌డీఎంఐ మీదుగా టీవీ పోర్టులకూ, అక్కడి నుంచి కన్సోల్‌కీ పాకుతుంది.