ముందు నంబరు చూడు, తర్వాతే నలుపు

అమ్మడూ,

ఢిల్లీ కర్ణీసింగ్ షూటింగ్ రేంజ్‌లో ఈసారి ఫైనల్స్ టీవీలో లైవ్ వేస్తారటగా. నువ్వు కొడుతున్న స్కోర్లు చూస్తుంటే ఆ ఎనిమిది మందిలో ఉండేలాగే ఉన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా ఉంది తల్లీ. అంతకన్నా కాస్త ఎక్కువే బెంగగానూ ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఎలా కొట్టాలో నీకు నేను చెప్పక్కర్లేదు. కెమెరా ముందు కొట్టడం మాత్రం వేరే పని.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. ఇప్పుడు వాడుతున్న బ్యాచ్ పెల్లెట్లే తీసుకెళ్లు, కొత్త డబ్బా తెరవకు. ఆలెన్ కీలు, స్పేర్ స్క్రూలు, రైఫిల్ గాలి సిలిండర్ సీల్ ఒక చిన్న పెట్టెలో వేసుకో. పొద్దున ఇడ్లీ తిను, కాఫీ జోలికి పోకు. 60 షాట్ల క్వాలిఫికేషన్ అయ్యాక సిలిండర్ మళ్లీ నింపు, గేజ్ 200 బార్ దాటనివ్వకు.

ఫైనల్ పద్ధతి కంఠతా రావాలి. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో నడిచింది ఇది: క్వాలిఫికేషన్ స్కోరు పక్కన పెట్టేసి అందరూ సున్నా నుంచి మొదలుపెడతారు. ముందు ఐదేసి షాట్ల సిరీస్‌లు రెండు, ఒక్కోదానికి 250 సెకన్లు. తర్వాత ఒక్కొక్క షాటుగా 14, ఒక్కోదానికి 50 సెకన్లు. 12వ షాట్ అవ్వగానే ఎనిమిదో స్థానంలో ఉన్నవాళ్లు వెళ్లిపోతారు. అక్కణ్ణుంచి రెండు షాట్లకొకరు చొప్పున, 24వ షాట్‌తో బంగారం ఎవరిదో తేలుతుంది. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి పోటీ నోటీసులో ఏం రాశారో నువ్వే చదువుకో. ఎవరో చెప్పారని నమ్మకు. 'స్టార్ట్' అనకముందు పేలినా, 'స్టాప్' అన్నాక పేలినా ఆ షాట్ సున్నా.

క్వాలిఫికేషన్‌లో 75 నిమిషాలుంటాయి. చేయి బిగుసుకుంటే కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి మళ్లీ లేవొచ్చు. ఫైనల్లో ఆ వెసులుబాటు లేదు. పైగా సైటర్లు, అంటే లెక్కలోకి రాని సరిచూసుకునే షాట్లు, అయ్యాక రైఫిల్ కింద పెట్టించి, పేరు పిలిచి, ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడమంటారు. ఇక్కడే చాలామంది పాడవుతారు. కష్టపడి కుదుర్చుకున్న పాదాలు ఆ తిరగడంలో కదిలిపోతాయి. మళ్లీ లేన్ వైపు తిరిగాక పాదాలు మునుపటి చోటే ఉన్నాయనుకుంటారు. అరంగుళం తేడా వచ్చినా భుజాలు మెలి పడతాయి, ఆ మెలిని చేతులతో లాగి సరిచేస్తూ కొడతారు, షాట్లన్నీ ఒక పక్కకే పోతుంటాయి. అందుకని 'టేక్ యువర్ పొజిషన్స్' అన్న వెంటనే పెల్లెట్ల మీదకు పోకు. రైఫిల్ ఎత్తి, కళ్లు మూసుకుని, ఒక ఊపిరి తీసి వదిలి, కళ్లు తెరువు. టార్గెట్ మధ్యనున్న నలుపు నీ సైట్ రింగు మధ్యలో లేకపోతే పాదం జరుపు. చేత్తో లాగావా, ఇక నీతో మాట్లాడను.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నువ్వు ఎంతసేపు విసుక్కున్నా సరే, ఇది పూర్తిగా చదవాలి.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల ఫైనల్. అమెరికావాడు మాథ్యూ ఎమ్మన్స్. అప్పటికే ప్రోన్‌లో, అంటే పడుకుని కొట్టే పోటీలో, బంగారం గెలిచి ఉన్నాడు. ఇక్కడా తొమ్మిది షాట్ల తర్వాత మూడు పాయింట్ల ముందంజ. ఆఖరి షాట్ 7.2 పడినా చాలు, రెండో బంగారం. పేల్చాడు. అతని మానిటర్ మీద ఏమీ రాలేదు. మెషిన్ పని చేయలేదేమోనని అధికారుల వైపు చూశాడు. వాళ్లొచ్చి చూస్తే పక్క లేన్‌లో ఉన్న ఆస్ట్రియా షూటర్ టార్గెట్ మీద ఒక అదనపు షాట్ ఉంది. 8.1. తన టార్గెట్ మీద పడి ఉంటే ఆ 8.1కే బంగారం వచ్చేది. లెక్కలో సున్నా వేశారు. మొదటి స్థానం నుంచి ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. చైనా షూటర్ జియా ఝాన్‌బో గెలిచాడు.

ఎందుకిలా జరిగింది? చేయి వణకలేదు, చూపు చెదరలేదు, షాట్ చక్కగానే వెళ్లింది. మామూలుగా ప్రతి షాటుకీ ముందు టార్గెట్ పైనున్న నంబరు చూసి, అక్కణ్ణుంచి కిందకి నలుపు మీదకి దిగేవాడు. ఆ ఒక్క షాటుకి మనసు కుదుటపరుచుకునే పనిలో పడి నంబరు చూడకుండా నేరుగా నలుపు చూశాడు. ఆ తర్వాత అతనే ఈ మాట చెప్పాడు. ప్రశాంతంగా ఉండాలనే ప్రయత్నమే అతని క్రమంలో ఒక మెట్టు తీసేసింది. నన్ను భయపెట్టేది ఇదే. 'టెన్షన్ పడకు, టెన్షన్ పడకు' అని చుట్టూ అందరూ నీకు చెబుతున్నారు. ఆ మాట పట్టుకుని కూర్చుంటే పోయేది టెన్షన్ కాదు, వరస.

నాలుగేళ్లకి బీజింగ్‌లో అదే మనిషి, అదే పోటీ. ఆఖరి షాట్‌కి ముందు మళ్లీ 3.3 ముందంజ. 6.7 చాలు. ఈసారి రైఫిల్ పైనుంచి నలుపు మీదకి దిగుతుండగానే వేలు ట్రిగ్గర్‌ని తాకింది. 4.4. నాలుగో స్థానం. అయినా ఆట వదలలేదు, 2012 లండన్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచాడు. చూశావా, ఎలాంటి మనిషో! అంతటివాడికే అలా జరిగింది.

అందుకని నీ వరస ఇలా ఉండాలి. పెల్లెట్ పెట్టు. తల ఎత్తి నీ లేన్ అక్షరం చూడు. మనసులో చదువు. ఫైనల్లో 'ఎ' నుంచి 'హెచ్' దాకా అక్షరాలుంటాయి, పక్కవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే లేన్లు ఖాళీ అయి కళ్లకి ఆధారం పోతుంది, అప్పుడు ఇంకా జాగ్రత్త. చెంప ఆన్చు. ఊపిరి వదులుతూ నలుపు మీదకి దిగు. నలుపు రింగులో నిలిచాకే వేలు ట్రిగ్గర్ మీదకి రావాలి, అంతవరకు బయటే. ట్రిగ్గర్ ఫస్ట్ స్టేజ్, అంటే షాట్ పేలేముందు వచ్చే మొదటి లాగుడు, తీసుకో. ఆరేడు సెకన్లలో షాట్ వెళ్లకపోతే దించెయ్. పది దాటితే కళ్లు పాత బొమ్మనే చూపిస్తుంటాయి, నలుపు కదిలినా నీకు తెలియదు. 50 సెకన్లలో ఒకసారి దించి మళ్లీ ఎత్తడానికి బోలెడు టైముంది.

ట్రిగ్గర్ మాట కూడా ఇక్కడే. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ లాగడానికి 500 గ్రాముల కనీస బరువు ఉంటుంది. ఎయిర్ రైఫిల్‌కి అలాంటి నియమం లేదు కాబట్టి మరీ తేలిగ్గా పెట్టుకునే అలవాటు మీ పిల్లలందరికీ ఉంది. ఈ వారమే మెట్లు రెండు అంతస్తులు పరుగున ఎక్కి, గుండె కొట్టుకుంటుండగా డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, చేసి చూడు. ఫస్ట్ స్టేజ్ తెలియకుండా వేలు దాటిపోతుంటే, ఆ స్టేజ్ బరువు కొంచెం పెంచు. పెంచితే ఇప్పుడే పెంచాలి, అక్కడికి వెళ్లాక ముట్టుకోకూడదు.

లైట్లు వేరుగా ఉంటాయి. హాల్ చీకటి చేసి లేన్ల మీద వెలుగు గుమ్మరిస్తారు. సైటర్లలో ముందు రియర్ సైట్ ఐరిస్ (కంటి దగ్గర వెలుగు తగ్గించి పెంచే రంధ్రం) సరిచేసుకో, తర్వాతే సైట్ జరిపే క్లిక్కులు. వరస మార్చితే క్లిక్కులు రెండుసార్లు తిప్పాల్సొస్తుంది. మొదటి సైటర్ ఎక్కడో పడిందని కంగారు పడకు. 2008లో అభినవ్ బింద్రాకి ఫైనల్ సైటర్లలో మొదటి షాట్ నాలుగో రింగు దగ్గర పడింది. సైట్ సరిచేసుకుని మొదలుపెట్టాడు. ఆఖరి షాట్‌కి ముందు ఫిన్లాండ్ షూటర్ హక్కినెన్‌తో సమంగా ఉన్నాడు. అతను 9.7 కొడితే ఇతను 10.8 కొట్టాడు. అదే పోటీలో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 595 కొట్టి కూడా సమాన స్కోర్లను విడదీసే లెక్కలో ఫైనల్ పోగొట్టుకున్నాడు. నాలుగేళ్లాగి లండన్‌లో 701.1తో కాంస్యం తెచ్చుకున్నాడు. ఆ రోజు మీ తాతయ్య టీవీ ముందు నుంచి లేవలేదు. నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూశారు, నీకు గుర్తుండదు.

షాట్ల మధ్య పాటలు పెడతారు, కామెంటరీ ఉంటుంది, పక్కవాళ్లకి 10.8 పడితే చప్పట్లు మోగుతాయి. ఇంట్లో టీవీ గట్టిగా పెట్టి, తమ్ముడి చేత 'లోడ్, స్టార్ట్, స్టాప్' అనిపించి, 50 సెకన్ల టైమర్‌తో రోజూ 14 షాట్లు డ్రై ఫైర్ చెయ్. స్కోర్‌బోర్డు తెర వైపు చూడకు, ఎన్నో స్థానమో తెలిస్తే నీ షాట్ బాగుపడేది లేదు.

ఇంకో భయం. గుండెదడ తగ్గుతుందని ఇంట్లో ఎవరైనా మాత్ర ఇస్తే తీసుకోకు. ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు షూటింగ్‌లో పోటీలోనూ, పోటీ బయటా కూడా నిషిద్ధం. జలుబు మాత్రయినా సరే జట్టు డాక్టర్‌ని అడిగాకే. గుండె కొట్టుకోనీ తల్లీ, కొట్టుకుంటూనే కొట్టొచ్చు.

సిలిండర్‌కి తయారీ నుంచి పదేళ్లే గడువు. నీది మీ అన్నయ్య వాడినది. దాని మీద చెక్కిన తేదీ ఫోటో తీసి ఈ రాత్రే నాకు పంపు. గడువు దాటి ఉంటే కొత్తది నేను కొంటాను, మీ నాన్నతో చెప్పక్కర్లేదు. విమానం ఎక్కే ముందు అందులో గాలి పూర్తిగా తీసెయ్, రైఫిల్ పర్మిట్ కాగితాలు చేతి సంచిలో పెట్టుకో.

మీ పెదనాన్న