వానలు పడ్డాక మా ఆవుకి ఉన్నట్టుండి జ్వరమొచ్చింది. ఒకరోజు ఒక కాలు, మర్నాడు ఇంకో కాలు కుంటింది, నోట్లోంచి చొంగ కారుతోంది, ఇప్పుడు లేవట్లేదు. దోమలే కారణమా? కొట్టానికి దోమతెర కడితే సరిపోతుందా?

దోమలే. వాటితోపాటు కంటికి సరిగ్గా ఆనని కుట్టే ఈగలు కూడా. వానలు పడ్డాక ఉన్నట్టుండి జ్వరం, ఇవాళ ఒక కాలు కుంటితే రేపు ఇంకో కాలు, నోట్లోంచి చొంగ అంటున్నారు కాబట్టి అది మూడు రోజుల జ్వరమే. ఒంటి నిండా గడ్డలు లేస్తే లంపీ అనే చర్మరోగం అనుకోవాలి. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఆవుల్ని ఊడ్చేసింది అదే. దోమతెర సంగతి తర్వాత, ముందు పశువైద్యం హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. డాక్టరు వచ్చేదాకా ఆవు నోట్లో ఏమీ పోయకండి.

మాది పలమనేరు దగ్గర పల్లె. మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) జాతి ఆవు ఈని నెల తిరక్కముందే ఇలాగే పడింది. పొద్దున పాలు పితికినప్పుడు బాగానే ఉంది, మధ్యాహ్నానికి లేవలేదు. కాసేపట్లో కొట్టం నిండా వైద్యులే! మా చిన్నాయన మిరియాల కషాయం కాచి, వెదురు గొట్టం పట్టుకుని వచ్చేశాడు. ఎవరో ఆవు తల పైకెత్తి పట్టుకున్నారు కూడా. మా అమ్మ ఆ గొట్టం లాక్కుని, "చొంగే మింగలేకుండా ఉంటే నీ కషాయమేం మింగుతుంది?" అంది. ఆయన అలిగి వారం దాకా మా గడప తొక్కలేదు.

అమ్మ చెప్పిందే నిజం. ఈ జ్వరంలో ఆవుకి మింగడం కష్టమవుతుంది. పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము చేస్తుంది. మా వైపు ఈ జ్వరంతో చచ్చాయనే ఆవుల్లో సగం గొట్టంతో చచ్చినవేనని నా గట్టి నమ్మకం.

డాక్టరు జ్వరానికీ నొప్పులకీ ఇంజెక్షన్ వేసి, కాల్షియం ఎక్కించాడు. మిగతాదంతా చాకిరీ. వరిగడ్డి మందంగా పరిచి, పక్కకి ఒరిగిపోకుండా ఇసుక మూటలు ఆనించి, కొన్ని గంటలకోసారి పక్క మార్చాం. అంత బరువు మార్చాలంటే నలుగురు కావాలి. సలహాలప్పుడు ఉన్న జనం అప్పుడు లేరు. మూడో రోజు లేచింది కానీ ఆ ఈతలో పాలు మళ్లీ మునుపటంత రాలేదు. పాల కేంద్రంలో అయితే "ఇంకెక్కడైనా పోస్తున్నారా?" అని ఆరా తీశారు.

దోమతెర కట్టుకోండి, నష్టం లేదు. అయితే ఆ చిన్న ఈగలు మామూలు తెర కన్నాల్లోంచి దూరిపోతాయి, గాలివాటున ఎక్కడెక్కడినుంచో వస్తాయి. కుడితి తొట్టి వారానికోసారి ఎండగట్టండి, పేడగుంట పక్కన నీళ్లు నిలవనీయకండి. మా కొట్టం వెనక మురుగుకాలువ గురించి గ్రామసభ పెట్టిన ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాం. పోయినేడు కొలతలైతే తీసుకెళ్లారు.