రాతినార (ఆస్బెస్టాస్) దుమ్ములో పనిచేసినవారికి పరిహారం: ముందు పని చరిత్ర కాగితం మీదికి ఎక్కించండి

మీ నాన్నగారు చెన్నైలో ఎన్నూరు వైపు కాంట్రాక్టరు కింద బాయిలర్లకు, ఆవిరి పైపులకు ఆస్బెస్టాస్ తాడు చుట్టే లాగింగ్ పని ఏళ్ల తరబడి చేశారని, ఇప్పుడు నాలుగు మెట్లెక్కినా ఆయాసమని, టీబీ మందులకు తగ్గలేదని రాశారు. నెట్‌లో అమెరికా లాయర్ల ప్రకటనలు చూసి మనకూ పరిహారం వస్తుందా అని అడిగారు. మా బాబాయిదీ అదే పని. కొరుక్కుపేటలో మా పక్క వాటాలోనే ఉండేవాడు. ఆయన కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది నేనే కనుక తెలిసింది చెబుతాను.

ఆ ప్రకటనలు వదిలేయండి. దివాలా తీసిన అక్కడి కంపెనీల సరుకు వల్ల జబ్బుపడినవారి కోసం ఏర్పడిన నిధులవి. ఇక్కడి కాంట్రాక్టు కూలీకి దారి ఇక్కడి చట్టాల్లోనే ఉంది.

చట్టం కన్నా ముందు డాక్టరు. బాబాయిని చూసిన ప్రతి డాక్టరూ బీడీ అలవాటుందా అని అడిగాడే గాని, ఏం పని చేశావని ఒక్కరూ అడగలేదు. కఫంలో టీబీ క్రిమి కనపడకపోయినా ఎక్స్‌రే చూసి టీబీ కోర్సు మొదలుపెట్టారు. ఆస్బెస్టాస్ పోగులు కంటికి ఆనవు. పీల్చినవి ఊపిరితిత్తుల అడుగున దిగబడి, కరగక, చుట్టూ మచ్చ కట్టిస్తాయి. అదే ఆస్బెస్టోసిస్. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి పొరకు వచ్చే మీసోథీలియోమా కూడా వీటివల్ల వస్తాయి. ఈ క్యాన్సర్లు చాలాసార్లు 20, 30, 40 ఏళ్లకు గాని బయటపడవు. అందుకే పాత పనికీ ఇప్పటి దగ్గుకీ సంబంధం ఉందని ఇంట్లోవాళ్లకు తట్టదు. నాన్నగారు పొగ తాగుతుంటే ఈరోజే మాన్పించండి, రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లవుతుంది. ఆ దుమ్ము బట్టలు ఉతికింది అమ్మగారే అయితే ఆవిడకూ పరీక్ష చేయించండి.

తాంబరం శానటోరియంలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి గాని, ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉంటే అయనావరం ఆసుపత్రికి గాని తీసుకెళ్లండి. హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే) స్కాన్, ఊపిరి పరీక్ష చేయమని అడగండి. ఎక్కడ, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ పని చేశారో కేసు షీటులో రాయించండి. ఆస్బెస్టోసిస్ అని తేలితే ఫ్యాక్టరీల తనిఖీ ముఖ్యాధికారికి తెలియజేయడం ఆ డాక్టరు బాధ్యత (2025 నవంబరు దాకా ఇది 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది, ఇప్పుడు వృత్తి భద్రతా కోడ్‌లో ఉంది). ఈ మాట మర్యాదగానే గుర్తుచేయండి.

ఇక పరిహారం. 1923 నాటి పరిహార చట్టం, ఈఎస్ఐ చట్టం 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. ఆ పాత చట్టాల్లో లాగే కోడ్ మూడో షెడ్యూల్‌లోనూ ఆస్బెస్టోసిస్, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా వృత్తి జబ్బులుగా ఉన్నాయి. ఈఎస్ఐ ఉన్నవారు దానికిందే అడగాలి, రెండూ కుదరవు. ఈఎస్ఐలో మెడికల్ బోర్డు అంగవైకల్యం శాతం తేలుస్తుంది, మనిషి పోతే కుటుంబానికి నెలనెలా వస్తుంది. పిన్నికి ఇప్పుడు అదే ఆధారం.

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఒక్క మాట: "ఆయన మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి." ఆ మాట విని వెనక్కి రాకండి. కాంట్రాక్టరు కూలీకి ఈఎస్ఐ కట్టాల్సిన మొదటి బాధ్యత అసలు యజమానిదే, అంటే పని చేయించుకున్న ఫ్యాక్టరీదే. పరిహారం కోసం కూడా ఆ యజమాని మీద దావా వేయొచ్చు. మీరు చూపాల్సిందల్లా నాన్నగారు ఆ ఆవరణలో ఆ పని చేశారని. పాత గేట్ పాసు, పీఎఫ్ చీటీ, బోనస్ రసీదు, పనిలో దిగిన ఫోటో, ఏదైనా సరే. ఏమీ లేకపోతే తోటి పనివాళ్ల అఫిడవిట్లు. మాకు నిలబడినవి అవే. తిరువొత్తియూరు యూనియన్ ఆఫీసులో ఒక పెద్దాయన పాత మేస్త్రీల ఇళ్లకు స్వయంగా తీసుకెళ్లాడు. వాళ్లలో చాలామందికి దగ్గే. ఇంకో ఏడాది ఆగి ఉంటే సాక్ష్యం చెప్పేవాళ్లే మిగిలేవారు కాదు.

1995 జనవరి 27న సుప్రీంకోర్టు చెప్పింది కూడా అర్జీలో ఉటంకించండి: ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరిన రోజు నుంచి 40 ఏళ్లు గాని, మానేశాక 15 ఏళ్లు గాని, ఏది ఎక్కువైతే అంతకాలం ఉంచాలి. రికార్డు లేదంటే ఆ తప్పు మీది కాదు. తెల్ల రకం ఆస్బెస్టాస్ ప్రమాదం కాదని యాజమాన్యాలు వాదిస్తాయి (మన పులివెందుల బ్రాహ్మణపల్లి గనుల్లో తవ్విందీ అదే రకం). ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని రకాలూ క్యాన్సర్ తెచ్చేవేనని స్పష్టంగా చెప్పింది.

ఇంటిమీది సిమెంటు రేకుల గురించీ అడిగారు. పగలకుండా ఉంటే కంగారుపడి పీకించొద్దు. కొయ్యడం, బెజ్జాలు వేయడం, పొడిగా ఊడ్వడం చేయకండి. తీయక తప్పకపోతే బాగా తడిపి, పగలగొట్టకుండా దించండి.

గడువు మాత్రం మరిచిపోకండి. పాత పరిహార చట్టం కింద దరఖాస్తుకు రెండేళ్లే ఉండేది, అంతకు మించి ఆగకండి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం విచారించే అధికారికి ఉంది, కానీ పని మానేసి చాలాకాలమైన కేసుల్లో ఎదుటివాళ్లు మొదట పట్టుకునేది దీన్నే. జబ్బు ఏ తేదీన తేలిందో ఆ రిపోర్టు కాపీలు తీసి, ఒకటి వేరే ఇంట్లో దాచి, ఈ వారంలోనే కార్మిక వ్యవహారాలు తెలిసిన లాయరును కలవండి.