కొన్న యాక్షన్ గేమ్ నచ్చట్లేదు. తప్పు గేమ్‌దా, నాదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: కొత్తగా పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ మెషీన్) కొన్నారు. అందరూ మెచ్చుకుంటున్నారని సెకిరో అనే కత్తియుద్ధాల గేమ్ తెచ్చుకున్నారు. వారం తిరక్కుండానే చిరాకొచ్చింది. దాన్ని అమ్మేసి గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ కొనుక్కోవాలా, అసలు ఒక యాక్షన్ గేమ్‌లో ఏది బాగుందో ఏది బాగాలేదో మనంతట మనం తేల్చుకోవడం ఎలా అని అడిగారు.

ఇప్పుడే అమ్మకండి. ఎందుకో చెప్తాను.

మా పెద్దమ్మ కొడుకు 2008లో మలక్‌పేటలో ఒక చిన్న గేమ్ పార్లర్ పెట్టాడు. మూడు పీఎస్2లు, మూడు డబ్బా టీవీలు, గంటకి ఇరవై రూపాయలు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ అయ్యాక నేరుగా అక్కడికే వెళ్లి రాత్రి తొమ్మిదిన్నర దాకా కౌంటర్‌లో కూర్చునేవాడిని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది గుంపులుగా వచ్చి క్రికెట్, ఫుట్‌బాల్, రెజ్లింగ్ ఆడేవాళ్లు. యాక్షన్ గేమ్‌లు ఆడే పిల్లల తీరు వేరు. ఒక్కళ్లే వస్తారు, మూల టీవీ అడుగుతారు, మాట్లాడరు. ఒకబ్బాయి ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే (సేవ్ చేసుకునే) తన మెమరీ కార్డుని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఎనిమిది ఎంబీ కార్డు, అంతే. అంతకుముందు మా పార్లర్ కార్డులో దాచుకున్న అతని సేవ్ మీద ఇంకెవరో సేవ్ చేసేశారు. పది రోజుల ఆట పోయింది. ఆ రోజు అతను ఏడవలేదు, గొడవా పెట్టుకోలేదు. మర్నాడు సొంత కార్డు కొనుక్కుని వచ్చాడు. ఆ ఆట అంత బాగుండబట్టే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడని నాకు తర్వాత అర్థమైంది.

ఆ కౌంటర్‌లో కూర్చుని నేను పట్టుకున్న విషయం ఒక్కటే. గేమ్ ఎలాంటిదో గెలిచేవాడి మొహం చూస్తే తెలీదు, ఓడిపోయినవాడి నోట్లోంచి వచ్చే మొదటి మాట వింటే తెలుస్తుంది. "అరే, తొందరపడ్డా" అన్నాడంటే గేమ్ తన పని సరిగ్గా చేసినట్టే. ఎందుకు పోయాడో అతనికి తెలిసింది, వెంటనే ఇంకోసారి ఆడతాడు. "రిమోట్ పనిచేయట్లేదన్నా" అన్నాడంటే మాత్రం వెతకాలి. తప్పు రిమోట్‌లో (గేమ్ కంట్రోలర్‌ని మేం అలాగే అనేవాళ్లం) ఉండొచ్చు, టీవీలో ఉండొచ్చు, గేమ్‌లో ఉండొచ్చు, అతనిలోనే ఉండొచ్చు. ఈ నాలుగింటినీ విడదీయడం వస్తే రివ్యూల అవసరం సగం తగ్గిపోతుంది.

ముందు టీవీ సంగతి, ఎందుకంటే మీ విషయంలో నాకు అనుమానం దాని మీదే. 2010లో మా అన్న ఒక డబ్బా టీవీ తీసేసి దాని స్థానంలో ఎల్‌సీడీ పెట్టాడు. పెద్ద స్క్రీన్, అందరూ దాని ముందే కూర్చోవాలనుకునేవాళ్లు. కానీ రెండు రోజులకే రిమోట్ ఫిర్యాదులు మొదలయ్యాయి. కొత్త రిమోట్ తెచ్చి ఇచ్చాను. అదే మాట. అమ్మిన షాపు ఆయన్ని పిలిస్తే బొమ్మ చూసి "అంతా బాగానే ఉంది కదా" అని వెళ్లిపోయాడు. బొమ్మ నిజంగానే బాగుంది. చివరికి రుమాలు అబ్బాయినే ఒక పని చేయమన్నాను. గాడ్ ఆఫ్ వార్‌లో అతను పన్నెండుసార్లు పోయిన చోటే, అదే పీఎస్2, అదే రిమోట్, అదే కార్డు, పక్కనున్న డబ్బా టీవీకి తీగ మార్చి ఆడించాను. రెండోసారికే దాటేశాడు. దాటి నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తప్పు తనది కాదని అతనికి అప్పుడే రుజువైంది.

విషయమేంటంటే, ఎల్‌సీడీ టీవీలు బొమ్మని నునుపు చేయడానికి, రంగులు సర్దడానికి కొంత సమయం తీసుకుంటాయి. సినిమా చూసేటప్పుడు అది మనకి తెలియనే తెలియదు. గేమ్‌లో మాత్రం మన వేలు నొక్కిన తర్వాత తెర మీద దెబ్బ ఆలస్యంగా కనిపిస్తుంది. లెక్క చూడండి: సెకనుకి 60 ఫ్రేమ్‌లతో, అంటే 60 బొమ్మలతో, నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 30 ఫ్రేమ్‌లదైతే 33.3. టీవీ ఒక్కటే వంద మిల్లీసెకన్లు మింగేస్తే ఆరు ఫ్రేమ్‌లు పోయినట్టే. సెకిరోలో కత్తికి కత్తి అడ్డం పెట్టాల్సిన సమయం కూడా కొన్ని ఫ్రేమ్‌లే. అందుకే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉందేమో చూసి ఆన్ చేయండి. బొమ్మ కాస్త వెలిసినట్టు అనిపిస్తుంది, ఫర్వాలేదు. అది చేయకుండా ఏ యాక్షన్ గేమ్ మీదా తీర్పు చెప్పకండి. కొత్త గేమ్‌లలో క్వాలిటీ, పెర్ఫార్మెన్స్ అని రెండు మోడ్‌లు అడిగితే, ఫ్రేమ్‌లు ఎక్కువ వచ్చే పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

టీవీ సరిగ్గా ఉన్నాక కూడా చేతికి అడ్డం పడుతోందంటే అప్పుడు గేమ్‌ని నిలదీయొచ్చు. ఎంత గొప్ప గేమ్‌నైనా సరే. 2005 నాటి మొదటి గాడ్ ఆఫ్ వార్‌నే తీసుకోండి. ఆ గొలుసు కత్తులు తిప్పుతుంటే ఆ రోజుల్లో మా పార్లర్‌లో పక్కవాడి ఆట చూడ్డానికే పిల్లలు నిలబడేవాళ్లు. అలాంటి గేమ్ చివర్లో పాతాళంలో కత్తులు గుచ్చిన స్తంభాలు గిర్రున తిరుగుతుంటాయి, వాటిని పట్టుకుని పైకెక్కాలి. కత్తి తగిలితే కింద పడతాం, మళ్లీ మొదటినుంచి ఎక్కాలి. అక్కడికొచ్చాక ఎంత బాగా ఆడేవాడైనా నా దగ్గరికొచ్చి "అన్నా, కొంచెం ఇది దాటించు" అనేవాడు. నేనే కనీసం ఇరవై మందికి దాటించి ఉంటాను. అప్పటిదాకా గేమ్ నేర్పింది కొట్టడం, తప్పించుకోవడం. ఇక్కడ అడిగింది వేరే విద్య. మాటిమాటికీ చనిపోతుంటే ఈజీ మోడ్‌కి మార్చమంటారా అని ఆ గేమ్ అడుగుతుంది. మార్చితే శత్రువుల దెబ్బలు తగ్గుతాయి గానీ స్తంభాలు నెమ్మదించవు. కష్టం వేరు, అన్యాయం వేరు అని నేను మొదట తెలుసుకున్నది అక్కడే. తాను నేర్పినదాంట్లో పరీక్ష పెడితే అది కష్టం. నేర్పనిది అడిగితే అది లోపం.

ఈ కొలతతో సెకిరోని చూడండి. 2019లో వచ్చినప్పుడు నేనూ మీలాగే మొదటి వారం నానా తంటాలు పడ్డాను. అంతకుముందు నేను ఎక్కువగా ఆడింది బ్లడ్‌బోర్న్. అందులో దెబ్బ వస్తుంటే పక్కకి తప్పుకోవాలి, దెబ్బ తిన్నా వెంటనే తిరిగి కొడితే పోయిన ప్రాణం కొంత వెనక్కొస్తుంది. అదే అలవాటుతో ఇక్కడ కూడా తప్పుకుంటూ పోయాను. ఆషినా కోట పైన గెనిచిరో అని ఒక బాస్ (మామూలు వాళ్లకంటే బలమైన పెద్ద శత్రువు) ఉంటాడు. రెండు సాయంత్రాలు వాడి చేతిలో చచ్చాను. మూడో రోజు కావాలనే ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా, అడ్డం పెట్టే ఎల్1 బటన్ మీదే వేలు పెట్టి వాడి కత్తి చప్పుడు మాత్రమే విన్నాను. సరైన క్షణంలో అడ్డం పెడితే ఖంగుమని ఒక శబ్దం, నిప్పురవ్వలు. ఆలస్యమైతే మొద్దు చప్పుడు. అయిదు నిమిషాల్లో చెవికి లయ దొరికింది. అప్పటినుంచి ఆ పోరాటం డోలు దరువుకి తాళం వేసినట్టు ఉంది. ఇక్కడ శత్రువు ప్రాణం తగ్గించడం కంటే వాడి నిలకడ చెడగొట్టడం ముఖ్యం. ప్రమాదకరమైన దెబ్బ వచ్చేముందు తల మీద ఎర్రటి అక్షరం మెరుస్తుంది. అయితే పొడుపుకీ, కాళ్ల మీద ఊపుకీ, పట్టుకోవడానికీ అదే అక్షరం. ఏది వస్తోందో వాడి ఒంటి కదలిక చూసే పోల్చుకోవాలి. చాలామంది దీన్ని లోపం అంటారు. నేను ఒప్పుకోను. పొడుపు వచ్చినప్పుడు వెనక్కి కాకుండా ముందుకే అడుగేసి కత్తిని కాలితో తొక్కిపట్టడం ఒక్కసారి కుదిరితే, ఆ అక్షరం ఎందుకు పెట్టారో చేతికే తెలుస్తుంది.

సెకిరోలో అసలు లోపాలు లేకపోలేదు. గోడ మూలకి వెళ్లామా, కెమెరా ఎటో తిరిగిపోయి శత్రువు కనపడడు. కొన్నిసార్లు వాడి మీద పెట్టిన గురి ఊడిపోతుంది. ఇవి నిజంగా అన్యాయమైన చావులు. ఇంకొకటి, ఆ కత్తి పద్ధతి మీకు నచ్చకపోతే వేరే దారి దాదాపు లేదు. కష్టం తగ్గించే సెట్టింగు కూడా లేదు. ఎల్డెన్ రింగ్ అనే గేమ్‌లో అయితే మంత్రాలు నేర్చుకోవచ్చు, లేదా ఇంకోవైపు తిరిగి బలం పెంచుకుని రావచ్చు. సెకిరోలో ఆ వెసులుబాటు చాలా తక్కువ. కానీ ఇంట్లో ఆడేవాళ్లకి ఒక మేలు: దాన్ని పాజ్ చేయొచ్చు. బ్లడ్‌బోర్న్‌ని అలా ఆపలేం. వంటింట్లోంచి అమ్మ పిలిచినప్పుడు, డెలివరీ బాయ్ బెల్ కొట్టినప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. రివ్యూలు రాసేవాళ్లు ఇలాంటివి ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

అన్ని లోపాలనీ ఒకే తక్కెడలో తూచకూడదన్నది కూడా చెప్పాలి. పీఎస్2లో షాడో ఆఫ్ ది కొలోసస్ ఆడుతుంటే ఫ్రేమ్‌లు ఘోరంగా పడిపోయేవి. ఆ చిన్న మెషీన్ మీద అంతంత రాక్షసులని నడిపించడమే దానికి కారణం. మొత్తం గేమ్‌లో 16 మంది రాక్షసులు తప్ప దారిలో కొట్టడానికి చిన్నా చితకా శత్రువులు లేరు. ఒక్కొక్కరి మీదకీ వెంట్రుకలు పట్టుకుని ఎక్కుతుంటే గుప్పిట బలం తగ్గిపోతుంటుంది, మన వేలు కూడా పట్టు బిగించే ఆర్1 బటన్ మీద నిజంగానే బిగుసుకుపోతుంది. 2018లో పీఎస్4కి దాన్ని కొత్తగా తీర్చిదిద్దినప్పుడు ఫ్రేమ్‌ల గొడవ పోయింది. మనం స్వారీ చేసే గుర్రం మాత్రం అలాగే మొండికేస్తుంది, కెమెరా ఇంకా విసిగిస్తుంది. మెషీన్ వల్ల వచ్చిన లోపం ఏదో, గేమ్ పుట్టుకలోనే ఉన్నది ఏదో అలా బయటపడింది. బయొనెట్టా అయితే తిరగబడ్డ కేసు. 2009లో ఎక్స్‌బాక్స్ 360లో హాయిగా నడిచిన గేమ్ పీఎస్3లో తడబడింది. గేమ్ ఒక్కటే, ఆడినవాళ్ల అభిప్రాయాలు రెండు. కాబట్టి రివ్యూ చూసేముందు అది ఏ మెషీన్ మీద ఆడి రాసిందో చూడండి. సెకిరో కూడా పీఎస్4 కంటే మీ పీఎస్5లో నిలకడగా నడుస్తుంది, ఆ విధంగా మీరు అదృష్టవంతులు.

రివ్యూల్లో నేను మార్కులు చూడను. రెండో సగం గురించి ఏమన్నారో వెతుకుతాను. మొదటి మూడు గంటలు బాగుండని పెద్ద గేమ్ అరుదు. డెవిల్ మే క్రై 4 చేతికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను, కానీ సగం అయ్యాక పాత్ర మారి, వచ్చిన దారినే వెనక్కి నడిపించి, కొట్టిన బాస్‌లనే మళ్లీ కొట్టిస్తుంది. 2018 గాడ్ ఆఫ్ వార్‌లో గొడ్డలి విసిరి, ట్రయాంగిల్ బటన్ నొక్కగానే అది గాల్లో తిరుగుతూ వచ్చి అరచేతిలో ఠప్పున పడటం, రిమోట్ అదరడం, ఆ ఒక్క పని కోసం ఆ గేమ్ కొనొచ్చు. కానీ రాతిస్తంభం మోసుకొచ్చే అదే రాక్షసుడు ఎన్నిసార్లు వస్తాడో! కెమెరా వీపుకి ఆనుకుని ఉంటుంది కాబట్టి వెనకనుంచి వచ్చేవాళ్లు కనపడరు. దానికి విరుగుడుగా పాత్ర చుట్టూ బాణం గుర్తులు పెట్టారు. తమ లోపం తెలిసి దిద్దుకున్న పని అది, నాకు గౌరవంగా అనిపించింది. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని జనం మొత్తుకుంటే అప్‌డేట్‌లో పెద్దవి చేసుకునే వీలు ఇచ్చారు. సోఫా ఒక గోడకి, టీవీ ఎదుటి గోడకి ఉండే మన హాళ్లలో అది చిన్న విషయం కాదు.

రాగ్నరాక్ మంచి గేమే. కాకపోతే ఏదైనా చిక్కుముడి ముందు నిలబడి ఆలోచించబోయేలోపే పక్కనున్న పాత్ర జవాబు చెప్పేస్తుంది. నాకది బాగా చిరాకు తెప్పించింది. కథ కోసం ఆడితే మీకు పట్టకపోవచ్చు.

ఇంకొక మాట. ఐదు వేల దాకా పెట్టి కొత్త డిస్క్ కొనేముందు, మీ దగ్గరున్నది డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 అయితే, స్నేహితుల దగ్గర పాత డిస్క్ దొరుకుతుందేమో అడగండి. మా ఆఫీసులో అయిదుగురం డిస్కులు మార్చుకుంటాం. ఇంటికి తెచ్చాక నేను మొదట చేసే పని ఒకటుంది. ఒక మామూలు శత్రువు ముందు నిలబడి, ఏమీ నొక్కకుండా వాడి దెబ్బలు నాలుగైదు తింటాను. ప్రతి దెబ్బకి ముందు వాడి భుజమో, కత్తో, గొంతో నాకు కబురు చెప్తోందా? చెప్తే కూర్చుంటాను. చెప్పకపోతే ఎంత అందంగా ఉన్నా నా వారాంతం దానికి ఇవ్వను.

మీరు ఈ రాత్రికి గేమ్ మోడ్ ఆన్ చేసి, కొట్టకుండా అడ్డం పెట్టడం మాత్రమే అరగంట ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే, ఏ శత్రువు ఏ దెబ్బకి మిమ్మల్ని చంపుతున్నాడో, పోగానే మీ నోట్లోంచి వచ్చిన మాటేంటో, మీ టీవీ మోడల్‌తో పాటు కింద రాయండి. గెనిచిరో దగ్గరైతే వాడి వరస నాకింకా గుర్తుంది, దెబ్బ దెబ్బా విడదీసి చెప్తాను.