ఉబుంటు కంటే విండోస్ త్వరగా ఆన్ అవుతోందా? ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) రెండూ వేసుకుంటే విండోస్ చటుక్కున వచ్చేస్తోంది, ఉబుంటుకి రెట్టింపు టైమ్ పడుతోంది, లినక్స్ తేలిక అంటారు కదా, మరి ఇదేంటి అని అడిగారు. మీ ఉబుంటులో లోపమేమీ లేకపోవచ్చండి. అసలు మీరు పోల్చినవి రెండూ ఒకే రకం పనులు కావు.

విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, అంటే 2012 నుంచి, అందులో ఫాస్ట్ స్టార్టప్ ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములన్నీ మూసేస్తుంది గానీ, కెర్నెల్‌నీ (విండోస్ మూల భాగం) డ్రైవర్లనీ (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రాములు) ఉన్నవి ఉన్నట్టుగా డిస్క్ మీద ఒక ఫైల్లో దాచేసి, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఉబుంటు మాత్రం ప్రతిసారీ మొదటి నుంచీ మొదలుపెడుతుంది. అనుమానం ఉంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేశాక టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర అప్‌టైమ్ (ఎంతసేపటి నుంచి నడుస్తోందన్న లెక్క) చూడండి, నిన్నటి లెక్క అలాగే కొనసాగుతూ ఉంటుంది. రీస్టార్ట్ కొడితే విండోస్ కూడా పూర్తిగా బూట్ అవుతుంది, అంటే మొదటి నుంచీ మొదలవుతుంది, కాబట్టి పోలిస్తే దాంతోనే పోల్చాలి.

ఇక ఉబుంటు వైపు, గ్రబ్ మెనూ (ఏ ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఏ ఓఎస్ కావాలో అడిగే తెర) మీ ఎంపిక కోసం ఆగే సెకన్లు తీసేసి లెక్కపెట్టండి. టెర్మినల్‌లో సిస్టమ్‌డి-ఎనలైజ్ (systemd-analyze) కమాండ్ కొడితే ఫర్మ్‌వేర్‌కి (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) ఎంత, లోడర్‌కి (అంటే గ్రబ్‌కి) ఎంత, కెర్నెల్‌కి ఎంత, మిగతా సర్వీసులకి ఎంత అని విడివిడిగా చెబుతుంది. ఫర్మ్‌వేర్ టైమ్ మదర్‌బోర్డుది, దాన్ని ఏ ఓఎస్ ఖాతాలోనూ వేయకూడదు. అదే కమాండ్ పక్కన బ్లేమ్ (blame) అని చేరిస్తే సర్వీసుల జాబితా వస్తుంది, నా మెషీన్‌లో పైన కనిపించింది నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్, అంటే నెట్‌వర్క్ కలిసేదాకా ఆగే సర్వీసు. అయితే సర్వీసులు చాలావరకు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి జాబితాలో పైనున్నదల్లా బూట్‌ని ఆపుతున్నట్టు కాదు, అది తెలియాలంటే బ్లేమ్ బదులు క్రిటికల్-చైన్ (critical-chain) అని కొట్టి చూడాలి. నాకు నెట్‌వర్క్ డ్రైవ్‌లేమీ లేవు గనక ఆ నెట్‌వర్క్ సర్వీసుని డిసేబుల్ చేశాను, ఇబ్బందేమీ రాలేదు.

స్టాప్‌వాచ్ ఎక్కడ ఆపుతున్నారన్నది అన్నిటికంటే ముఖ్యం. 2008లో ఆర్యన్ వాన్ డి వెన్, ఔకే కోక్ అనే ఇంటెల్ ఇంజనీర్లు ఆసుస్ ఈఈఈ పీసీ అనే చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్‌ని 5 సెకన్లలో బూట్ చేసి చూపించారు, వాళ్ల కొలత డెస్క్‌టాప్ బొమ్మ కనిపించడం కాదు, సీపీయూ, డిస్క్ రెండూ ఖాళీ అవడం. నాకు ఆ కొలతే సరైనదనిపిస్తుంది. మా ఇంట్లో పాత హార్డ్‌డిస్క్ ల్యాప్‌టాప్‌లో విండోస్ డెస్క్‌టాప్ వచ్చేసేది, కానీ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చునేది, బ్రౌజర్ తెరిచేలోపు టీ తాగి రావచ్చు. అదే ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే చాలా వేగమైన డిస్క్) వేశాక రెండు ఓఎస్‌ల మధ్య తేడా పట్టించుకోదగ్గంత మిగల్లేదు.

డ్యూయల్ బూట్ (ఒకే మెషీన్‌లో రెండు ఓఎస్‌లు) వాడుతున్నారు కాబట్టి ఇంకొకటి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పార్టిషన్ (డిస్క్‌లో విండోస్ ఉన్న భాగం) సగం నిద్రలో ఉన్నట్టే, ఉబుంటు దాన్ని చదవడానికే ఇచ్చి రాయనివ్వకపోవచ్చు, బలవంతంగా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్‌ని ఆపేసి, మళ్లీ కొలిచి, సిస్టమ్‌డి-ఎనలైజ్ కమాండ్ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, ఎక్కడ ఆగుతోందో చూద్దాం.